చేసిన మేలు తెలిపే ఉత్తరం

(ప్రగతి నగర్‌లో ఒక ఆదివారం సాయంత్రం ఆలయ మండపంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ప్రవచనకారుడను కాను. అందుకు తగిన పాండిత్యం నాకు లేదు. సాఫ్ట్‌వేర్ రంగంలో 20 ఏళ్ళు పనిచేసి 2019లో విశ్రాంతి తీసుకున్న ఉద్యోగిని మాత్రమే. ఈ సభకు వచ్చినవారిలో సగం మంది పిల్లలు రోజూ ఇక్కడి నుండి జేఎన్‌టీయూ మీదుగా హైటెక్ సిటీకి వెళ్ళి వచ్చేవారే కనుక, ఉద్యోగ జీవితంలో ధర్మాన్ని గురించి నాలుగు మాటలు చెప్పమని పెద్దలు ఆదేశించారు. ధర్మమంటే చాలా పెద్ద మాట. నాకు తెలిసినది అందులో ఒక చిన్న మూల మాత్రమే. మనకు మేలు చేసినవారికి ఆ సంగతి తెలుపుతూ ఉత్తరం వ్రాయటం. అది కూడా నేను తప్పు చేసి నేర్చుకున్నదే కనుక, ముందుగా ఆ తప్పును మీ ముందు ఉంచుతాను.

2006లో మాట. ఒక విదేశీ బ్యాంకు కోసం మా బృందం పదినెలలు శ్రమించి ఒక పెద్ద పనిని పూర్తి చేసింది. ఆ రాత్రి ఎంతో ఉత్సాహంతో రెండువందల మందికి మెయిల్ పంపాను. కృతజ్ఞతలు తెలుపుతూ పదకొండు మంది పేర్లు వ్రాశాను. పన్నెండవ పేరు వ్రాయలేదు. ఆ పేరు పరీక్షల విభాగంలో పనిచేసే ఒక అమ్మాయిది. పని అప్పగించవలసిన శుక్రవారానికి ముందురోజు సాయంత్రం ఆమె నా దగ్గరకు వచ్చి, కొన్ని ఖాతాలకు వడ్డీ రెండుసార్లు పడుతున్నదని చూపించింది. దానిని సరిచేయటానికి వారం రోజులు పట్టింది. ఆ వారం పైవారి ముందు నేను మాటలు పడ్డాను. ఆమె ఆ తప్పును పట్టుకోకపోయి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియనిది కాదు. అయినా నా మనస్సులో ఆమె మమ్మల్ని కాపాడిన మనిషిగా కాక, ఆలస్యం చేసిన మనిషిగా మిగిలిపోయింది. పేరు మరచిపోయాను అని చాలాకాలం చెప్పుకున్నాను. మరచిపోలేదు. వ్రాయబుద్ధి కాలేదు.

మూడు నెలలకు ఆమె రాజీనామా చేసింది. వెళ్ళేరోజున అందరితోపాటు నాకూ నమస్కరించి, ఏ కోపమూ లేకుండా ఒక మాట అన్నది. "సార్, ఆ మెయిల్‌లో నా పేరు వెతుక్కున్నాను. రెండుసార్లు చదివాను."

అంతే. ఇంకేమీ అనలేదు. ఏదైనా అని ఉంటే సమాధానం చెప్పి తప్పించుకునేవాడిని.

ఆ తరువాతనే కృతజ్ఞత అనే మాటను గురించి ఆలోచించటం మొదలుపెట్టాను. మనం ఆ మాటను పొగడ్తకు, మర్యాదకు పర్యాయపదంగా వాడేస్తున్నాం. అసలు అర్థం అది కాదు. కృతం అంటే చేయబడినది. జ్ఞత అంటే తెలిసి ఉండటం. ఎదుటివారు ఏమి చేశారో తెలిసి ఉండటమే కృతజ్ఞత. వాల్మీకి మహర్షి నారదుని చూసి, ఈ లోకంలో ఇన్ని గుణాలున్న మనిషి ఎవరైనా ఉన్నాడా అని అడుగుతూ పదహారు గుణాలను లెక్కపెడతాడు. అందులో గుణవంతుడు, వీర్యవంతుడు, ధర్మజ్ఞుడు అన్న వెంటనే నాలుగవ గుణంగా వచ్చేది కృతజ్ఞుడు అన్నది. సత్యవాక్యం కూడా దాని తరువాతనే వచ్చింది. ఆ వరుసలో ఏదో అంతరార్థం ఉందని వాదించేటంతటి చదువు నాకు లేదు గాని, చదివిన ప్రతిసారీ నా కన్ను అక్కడ ఆగుతుంది.

యుద్ధకాండ మొదటి సర్గ మీలో చాలామంది పారాయణ చేసే ఉంటారు. లంక నుండి తిరిగివచ్చిన హనుమ చెప్పినదంతా విని శ్రీరాముడు ఏమి చేశాడు? "బాగా చేశావు" అని ఊరుకోలేదు. సముద్రం దాటటం ఎంత కష్టమో చెప్పాడు. రావణుడు కాపాడుకుంటున్న లంకలో ప్రవేశించి ప్రాణాలతో రావటం ఎటువంటిదో చెప్పాడు. చెప్పిన పని మాత్రమే చేసే సేవకుడు ఎవరు, అంతకు మించి చేసే సేవకుడు ఎవరు అని తేడా చెప్పి, హనుమ ఏ కోవకు చెందుతాడో వానరులందరి ఎదుట ప్రకటించాడు. సీత జాడ తెలియటం వలన తానూ, లక్ష్మణుడూ, రఘువంశమూ ఎలా నిలబడ్డామో చెప్పాడు. తగిన ప్రత్యుపకారం చేయలేకపోతున్నానని బాధపడి, ఈ సమయంలో తన దగ్గర ఉన్నది ఇదేనని ఆలింగనం చేసుకున్నాడు. చేసిన పని ఏది, అందులోని కష్టం ఎంత, దాని వలన కలిగిన ఫలితం ఏమిటి, అన్నీ ఆ మాటలలో ఉన్నాయి. ఇంతకంటె మంచి ధన్యవాద పత్రాన్ని నేను ఏ కార్యాలయంలోనూ చూడలేదు.

దీనికి ఎదురుగా కిష్కింధలో సుగ్రీవుణ్ణి చూడండి. రాజ్యం వచ్చింది, భార్య తిరిగి వచ్చింది, వర్షాకాలం గడిచింది. ఇచ్చిన మాట మాత్రం వెనుకబడింది. అతడు దుర్మార్గుడు కాడు. సుఖంలో ఆలస్యం చేశాడు, అంతే. అయినా లక్ష్మణుడు ఎంత తీవ్రంగా మాట్లాడాడు! ఇతర పాపాలకు ప్రాయశ్చిత్తం ఉన్నదిగాని కృతఘ్నతకు లేదన్నంత వరకు వెళ్ళాడు. నేను పదకొండు పేర్లు వ్రాసిన రాత్రి నాకు గుర్తుకు రావలసిన ఘట్టం అదే. రాలేదు.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. మన తెలుగువారికి ఈ థ్యాంక్స్ చెప్పే అలవాటు ఎక్కడిది, అది పరాయి మర్యాద కదా అని పెద్దలు కొందరు అంటారు. నిజమే, మన ఇళ్ళలో అన్నం వడ్డించిన తల్లికి ధన్యవాదాలు చెబితే ఆమె కొంచెం నొచ్చుకుంటుంది కూడా. మనవాళ్ళు "మీ మేలు మరువను" అంటారు, "మీ ఋణం తీర్చుకోలేనిది" అంటారు, చిన్నవారినైతే "చల్లగా ఉండు నాయనా" అని దీవిస్తారు. మాట వేరైనా సంగతి ఉన్నదే. పైగా మనం మరువని తీరు సామాన్యమైనది కాదు. ధవళేశ్వరం దగ్గర 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేయించిన ఆర్థర్ కాటన్ దొర పరాయి దేశస్థుడు, పరాయి మతస్థుడు. అయినా గోదావరిలో స్నానం చేస్తూ ఆయనను భగీరథునితో పోల్చి స్మరించే సంప్రదాయం ఉన్నది. జీతానికి పనిచేసిన ఒక ఇంజనీరుకు ఆ గౌరవం దక్కింది. ఉద్యోగధర్మంగా చేసిన పనికి కృతజ్ఞత ఎందుకు, జీతం ఇస్తున్నాం కదా అనేవారికి గోదావరి తీరం ఎప్పుడో జవాబు చెప్పింది.

గోదావరి తీరం అన్నాను కనుక, అక్కడి మనిషి ఒకాయన సంగతి చెప్పాలి. నేను ఇంతసేపూ వస్తున్నది అక్కడికే.

ఆ అమ్మాయి వెళ్ళిపోయాక నాకు నేను ఒక నియమం పెట్టుకున్నాను. నెలకు ఒక ఉత్తరమైనా వ్రాయాలి, అదీ నా చేతితో. 2008 మొదట్లో మా బృందంలో భీమవరం ప్రాంతపు కుర్రవాడు ఒక గొప్ప పని చేశాడు. అతనికి వ్రాయబోయి, ఎందుకో అతని తండ్రికి వ్రాద్దామనిపించింది. ఆయన వ్యవసాయదారుడు, తెలుగు తప్ప చదవలేరు. కూకట్‌పల్లి పోస్టాఫీసులో రెండున్నర రూపాయలు పెట్టి ఇన్‌లాండ్ కవరు కొన్నాను. ఎదురుగా పెట్టుకుని కూర్చుంటే ఒక్క వాక్యం రాదు! "మహారాజశ్రీ" అని మొదలుపెట్టి ఆగిపోయాను. మేము రోజూ వాడే ఇంగ్లీషు మాటలలో ఒక్కటీ ఆయనకు పనికిరాదు. అవి తీసేస్తే, ఆ కుర్రవాడు ఏమి చేశాడో నాకే సరిగా తెలియదని తేలింది. మరునాడు అతణ్ణి కూర్చోబెట్టుకుని, ఏదో నివేదిక కోసమన్నట్లు, అంతా అడిగి తెలుసుకున్నాను. అప్పుడు వ్రాశాను. "మీ అబ్బాయి పనిచేసే బ్యాంకు లెక్కలు ప్రతి రాత్రీ తొమ్మిది గంటలపాటు నడిచేవి. ఉదయం బ్యాంకు తలుపులు తీసే వేళకు కూడా కొన్నిసార్లు పూర్తయ్యేవి కావు. మేమందరం లోపం ఒకచోట ఉందనుకుని వెతుకుతుంటే మీ అబ్బాయి ఇంకొకచోట వెతికాడు. మూడు వారాలు వెతికాడు. ఇప్పుడు ఆ లెక్కలు రెండున్నర గంటలలో పూర్తవుతున్నాయి. ఇది మా అందరిలో అతనొక్కడే చేయగలిగాడు." ఇంతే ఉత్తరం. దీనికి నాకు రెండు రోజులు పట్టింది.

అదే సంవత్సరం సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. ఆ గాలి హైదరాబాదు దాకా వీచింది. 2009 ప్రారంభంలో మా బృందంలో కొందరిని తీసివేయవలసి వచ్చింది. పైనుండి వచ్చిన పట్టికలో ఈ కుర్రవాడి పేరు ఉంది. అతడు చేసే పని ముగిసిపోయింది, బదిలీ చేయటానికి వేరే పని లేదు అన్నది కారణం. నేను కొంత వాదించాను. గట్టిగా వాదించానని మాత్రం ఈ మండపంలో నిలబడి చెప్పలేను. ఆ కాగితం మీద సంతకం నాదే.

ఒక నెల గడిచాక, ఆదివారం ఉదయం, మా ఇంటి తలుపు తట్టిన చప్పుడైంది. తెల్లని పంచె, భుజాన కండువా, చేతిలో బియ్యపు సంచితో ఒక పెద్దాయన. తన పేరు చెప్పగానే నాకు కాళ్ళు చల్లబడ్డాయి. లోపలికి రమ్మని మంచినీళ్ళిచ్చాము. ఆయన జేబులోంచి నా ఇన్‌లాండ్ ఉత్తరం తీశారు. మడతల దగ్గర చిరిగిపోకుండా వెనుక కాగితం అంటించి ఉన్నది.

"బాబుగారూ, ఉద్యోగం పోయిందని అడగటానికి నేను రాలేదండి. పంట పోయినట్టే ఉద్యోగమూ పోతుంది, మళ్ళీ వస్తుంది. ఈ ఉత్తరంలో మీరు వ్రాసింది నిజమా, మర్యాదకు వ్రాశారా, అది కనుక్కుని పోదామని వచ్చానండి."

"ప్రతి అక్షరం నిజమండి" అన్నాను.

"అయితే ఆ మాట మావాడితో మీ నోటితో ఒక్కసారి చెప్పండి. వాడు నలుగురిలోకి రావటం మానేశాడండి. తనకేమీ చేతకాదు అనుకుంటున్నాడు. నేను చెబితే, నాన్నా నీకు తెలియదులే అంటున్నాడు."

ఆ రోజే ఫోను చేసి మాట్లాడాను. మాట్లాడటం చాలదనిపించి, అతడు చేసిన పనిని వివరంగా ఇంగ్లీషులో వ్రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఏడు నెలల తరువాత అతనికి వేరొకచోట ఉద్యోగం వచ్చింది. అది నా కాగితం వలన వచ్చిందని చెప్పను. అతని ప్రతిభ వలన వచ్చింది. కాని ఆ ఏడు నెలలూ ఆ ఇంట్లో తండ్రీకొడుకులు ఏ మాటను పట్టుకుని నిలబడ్డారో నాకు తెలుసు. నేను ఆ ఉత్తరంలో "మీ అబ్బాయి మా సంస్థకు ఆభరణం, అతనికి ఉజ్జ్వలమైన భవిష్యత్తు ఉంది" వంటి మాటలు వ్రాసి ఉంటే, ఆ ఆదివారం ఆయనకు నా ముఖం ఎలా చూపించేవాడిని? భవిష్యత్తు నా చేతిలో లేదు. చేసిన పని మాత్రం చేసినదే. దానిని ఎవరి సంతకమూ తీసివేయలేదు.

ఇటువంటి ఉత్తరాలు వ్రాసినవారు పెద్ద పదవులలోనూ ఉన్నారని తరువాత తెలిసింది. చెన్నైలో పుట్టిన ఇంద్రా నూయీ గారు పెప్సీకో సంస్థకు అధినేత్రి అయ్యాక పుట్టింటికి వస్తే, చూడవచ్చిన చుట్టపక్కాలందరూ ఆమెను వదిలి ఆమె తల్లిని అభినందించారట. ఆ అభినందన న్యాయంగా పెంచినవారికే చెందుతుందని ఆమెకు తోచి, తన క్రింద పనిచేసే ఉన్నతోద్యోగుల తల్లిదండ్రులకు, మీ బిడ్డ ఈ పని చేస్తున్నాడు అని ఉత్తరాలు వ్రాయటం ప్రారంభించారు. క్యాంప్‌బెల్ సూప్ అనే అమెరికా సంస్థను 2001 నుండి 2011 వరకు నడిపిన డగ్ కోనంట్ ఉద్యోగులకు చేతితో వ్రాసిన ఉత్తరాలు 30,000 దాకా ఉంటాయని చెబుతారు. నెలకొకటి వ్రాసి నేనేదో చేశాననుకున్నాను!

పరిశోధకులు కూడా దీనిని తూచి చూశారు. 2010లో ఆడమ్ గ్రాంట్, ఫ్రాన్సెస్కా జీనో ఒక విశ్వవిద్యాలయం కోసం ఫోను ద్వారా విరాళాలు సేకరించేవారిని పరిశీలించారు. అధికారి స్వయంగా వచ్చి కృతజ్ఞత తెలిపిన బృందం మరుసటి వారం యాభై శాతానికి పైగా ఎక్కువ ఫోన్లు చేసింది. తెలుపని బృందంలో మార్పు లేదు. ఈ లెక్క విని కొందరు యజమానులకు నోరూరుతుందని నాకు తెలుసు. మరింత పని రాబట్టటానికి చెప్పే ధన్యవాదం ఎద్దుకు వేసే గడ్డి వంటిది, ఎద్దుకు కూడా ఆ సంగతి తెలుస్తుంది. నన్ను ఆకట్టుకున్నది మరొక పరిశోధన. 2018లో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ కొందరిచేత కృతజ్ఞతా పత్రాలు వ్రాయించి, అందుకున్నవారికి ఎలా ఉంటుందనుకుంటున్నారని ముందుగా అడిగారు. వ్రాసినవారు, అందుకున్నవారి సంతోషాన్ని తక్కువగాను, ఇబ్బందిని ఎక్కువగాను ఊహించారు. మన చేయి ఆగేది అందుకే. ఏమనుకుంటారో, భాష బాగుండదేమో అని మనం తటపటాయిస్తూ ఉంటాం. అవతలివారు భాషను చూడనే చూడరు.

చిన్న ఉద్యోగులు పై అధికారికి వ్రాస్తే కాకా పట్టడం అనుకోరా అని ఈ మధ్యనే ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. నేను చూసినంతలో కాకా పట్టేవాడు మనిషిని పొగడుతాడు, కృతజ్ఞుడు పనిని చెబుతాడు. ఒకడు పని కావటానికి ముందు వస్తాడు, మరొకడు అయిన తరువాత. కనుక జీతాలు పెంచే నెలలో వ్రాయకండి, పని జరిగిన రెండు మూడు రోజులలో వ్రాయండి. అందులో ఏ కోరికా కలపకండి. "కాని" అనే మాట రానీయకండి. "బాగా చేశారు కాని" అన్నాక ముందున్నదంతా కొట్టుకుపోతుంది. పని చెప్పకముందే "థ్యాంక్స్ ఇన్ అడ్వాన్స్" అనే అలవాటు ఒకటి వచ్చింది. అది ధన్యవాదం వేషం వేసుకున్న ఆజ్ఞ. ఇక కంప్యూటరే తనంతట తాను పంపే ధన్యవాదాలు ఉన్నాయి. వాటిని చదివేవారున్నారేమో నేను ఎరుగను.

పై వారికి, తోటివారికి వ్రాయటం సులభమే. మన కంటికి ఆననివారు ఎందరో ఉన్నారు. అర్ధరాత్రి దాటాక ఆడపిల్లలను ఇంటి గుమ్మం దాకా దింపి, లోపల దీపం వెలిగేదాకా కదలని క్యాబ్ డ్రైవర్లు. మనం వచ్చేసరికి బల్లలు తుడిచి వెళ్ళిపోయే స్త్రీలు. నిమజ్జనం మరునాడు మన అంబీర్ చెరువు గట్టున వంగి చెత్త ఏరే పారిశుద్ధ్య కార్మికులు. వారికి చదవటం రాకపోతే ఎలా అని అడగవచ్చు. వారి పిల్లలకు వచ్చు.

ఆలయంలో నిలబడి దాతల ప్రస్తావన తేకుండా ముగించరాదు. తిరుమల, తిరుపతి ఆలయాలలో వెయ్యికి పైగా శాసనాలు ఉన్నాయి. ఎవరు, ఏ దీపానికి, ఏ నైవేద్యానికి, ఏమి సమర్పించారో రాతి మీద చెక్కారు. శ్రీకృష్ణదేవరాయల కానుకలూ ఉన్నాయి, సామాన్యుల సమర్పణలూ ఉన్నాయి. మనం ఇప్పుడు దాతలకు రసీదు ఇస్తున్నాం. రసీదులో సొమ్ము ఎంతో ఉంటుంది, ఆ సొమ్ము ఏమయిందో ఉండదు. మీరిచ్చిన దానితో ఏ రోజున ఎందరు భోజనం చేశారో ఒక్క వాక్యం వ్రాసి పంపితే బాగుంటుందని ధర్మకర్తలకు మనవి చేశాను. ఆలోచిస్తామన్నారు. సభాముఖంగా మళ్ళీ మనవి చేస్తున్నాను, క్షమించాలి.

చివరిగా, 2006లో పేరు వ్రాయని ఆ అమ్మాయి సంగతి. ఆమె ఇప్పుడు ఎక్కడ ఉన్నదో పాత మిత్రుల ద్వారా కనుక్కున్నాను. వడ్డీ లెక్క సంగతి, ఆ గురువారం సాయంత్రం సంగతి, నేను కావాలనే పేరు వ్రాయకపోయిన సంగతి, మూడూ వ్రాశాను. పోయిన నెల పంపాను. జవాబు రాలేదు. రావలసిన అవసరమూ లేదు.

ప్రసాదం ఇచ్చే చోట ప్రక్కన బల్ల మీద వంద పోస్టుకార్డులు పెట్టించాను. ఒక్కొక్కటి అర్ధరూపాయి మాత్రమే, కనుక నన్ను దాతగా లెక్కించకండి. కలాలు కూడా ఉన్నాయి. పులిహోర తిన్నాక చేయి కడుక్కుని తీసుకోండి. ఎవరికి వ్రాయాలో వెంటనే తోచకపోతే, ఆ పులిహోర తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి కలిపినవారు వంటశాలలోనే ఉన్నారు.